సైనికుడి ఐదెకరాలు

విశాఖపట్నం అనగానే నౌకాదళం గుర్తొస్తుంది. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. 1971 డిసెంబరులో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగింది. బీచ్ రోడ్డు మీద యుద్ధ స్మారకం ఉంది, కుర్సుర జలాంతర్గామి ఉంది, సెలవు రోజున పిల్లలతో వచ్చే జనమూ ఉన్నారు. గుర్తుపెట్టుకోవడంలో ఈ ఊరికి లోటు లేదు. కానీ యూనిఫాం విప్పి ఇంటికొచ్చిన జవానుకు, ఇంటికి రాని జవాను భార్యకు జిల్లా యంత్రాంగం ఏం చేసిందో ఆ రోడ్డు మీద కనబడదు, రెవెన్యూ ఫైళ్లలో వెతకాలి. అక్కడ తెలిసేది ఇది: పట్టా చేతిలో పెట్టి పని అయిపోయిందనుకున్నచోట సాయం నిలవలేదు, ఆఫీసు ఆ కుటుంబాన్ని అంటిపెట్టుకుని ఉన్నచోట నిలిచింది.

సైనికుడి కుటుంబాన్ని ఎవరు చూడాలన్న ప్రశ్న నౌకాదళం కంటే పాతది. 1780 అక్టోబరులో ఇక్కడి ఈస్టిండియా కుంఫిణీ సిపాయిలు మద్రాసుకు ఓడెక్కమంటే తిరగబడ్డారు. సిపాయి దూరం వెళితే వెనక ఇల్లు ఎవరు చూస్తారన్నది కుంఫిణీ కూడా పట్టించుకోక తప్పలేదు. చనిపోయిన సిపాయిల కొడుకులను చిన్న జీతమిచ్చి పటాలం లెక్కలో చేర్చుకునే పద్ధతి మద్రాసు సైన్యంలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1919లో, సైనికుల బోర్డు పుట్టింది. దాని కింద జిల్లా బోర్డులు వచ్చాయి. 1975లో కేంద్రంలో ఉన్నది కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. జిల్లాలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ పెద్ద కలెక్టరే. ఈ జిల్లా బోర్డు ఆఫీసు చేసే పని చూడటానికి చిన్నది. పెళ్లయిన సంగతి రెజిమెంటు రికార్డులో పార్ట్-2 ఆర్డరుగా ఎక్కకపోతే భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. మన ఇంటిపేరు సర్వీసు పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే మళ్లీ ఆగిపోతుంది. ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి రికార్డు ఆఫీసుకు ఉత్తరం మీద ఉత్తరం రాసేవాడు జిల్లాలో ఒకడుండాలి. నా దృష్టిలో స్థానిక పాలన సైనికుడికి చేసిన అసలైన మేలు ఇదే.

భూమి కథ వేరు. మాజీ సైనికులకు డి-పట్టా కింద బంజరు ఇవ్వడం మన రెవెన్యూలో పాత పద్ధతి. మెట్ట అయితే ఐదెకరాలు, మాగాణి అయితే రెండున్నర. ఇలా ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. మాజీ సైనికుడు పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993 నాటి 1117 నంబరు జీవో చెప్పింది. మామూలు జిల్లాలో ఇదొక వెసులుబాటు. విశాఖలో అలా ఉండలేదు. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, రేవు పెరిగింది, ఊరు మధురవాడ దాటి భీమిలి వైపు పాకింది. రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని మెట్ట గజాల్లో అమ్మే సరుకైంది. ఆ భూమిని రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా నుంచి తప్పించే ఎన్‌ఓసీ కాగితానికి భూమిని మించిన గిరాకీ వచ్చింది. 2017లో, మళ్లీ 2019లో ప్రభుత్వాలు విశాఖ భూములపై సిట్ వేసినప్పుడు, మాజీ సైనికుల భూముల ఎన్‌ఓసీలూ విచారణకు వచ్చాయి.

అమ్ముకోవడం అతని హక్కు కదా, అడ్డుకోవడానికి మీరెవరంటారు కొందరు. నిజమే, అమ్మొద్దనడం నా వాదన కాదు. కూతురి పెళ్లికో వైద్యానికో అమ్ముకున్నవాడిని తప్పుపట్టలేం. కానీ దారిలేని, నీళ్లులేని చోట పట్టా ఇచ్చి, హద్దులు కూడా చూపించకపోతే, ధర పెరగకముందే ఎవరికో అగ్రిమెంటు రాసివ్వడం తప్ప అతనికి మిగిలే దారేమిటి? రక్షణ కేంద్రం బాధ్యత, జిల్లాకేం సంబంధమన్నది ఇంకో మాట. పెన్షన్ కేంద్రానిదే. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, సర్వే రాయి ఎవరివి? జవాను సరిహద్దులో ఉంటాడు, అతని భార్య తహసీల్దారు ఆఫీసు వరండాలో ఉంటుంది.

2025 మేలో సరిహద్దులో ప్రాణమిచ్చిన శ్రీసత్యసాయి జిల్లా జవాను కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలతోపాటు ఐదెకరాల సాగుభూమి, 300 గజాల ఇంటిస్థలం ప్రకటించింది. లెక్క మళ్లీ ఆ ఐదెకరాలే. ఇలాంటి ఉత్తర్వు ఏ జిల్లాకు వచ్చినా, పట్టాతోపాటు సర్వేయరు వెళ్లి రాళ్లు పాతాలి. ఏడాదికోసారి సైనిక సంక్షేమ అధికారి ఆ గట్టు మీదికి వెళ్లి, సాగు ఎవరు చేస్తున్నారో, అడంగల్‌లో ఎవరి పేరుందో చూసి రాసుకోవాలి.