ఫౌలాద్‌లో జౌహర్

ఉర్దూ మీడియం బడిలో పరమాణువును 'జౌహర్' అని చదువుకున్నాను. తల్వార్ మీద అలల్లా మెరిసే గీతల్నీ జౌహర్ అనే అంటారని తర్వాతెప్పుడో తెలిసింది.

దమిష్క్ తల్వార్లంటే మనకెంతో ఫఖ్ర్. అలాంటి తల్వార్లకు కావలసిన ఫౌలాద్ కోసం ఇరానీ తాజిర్లు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతలు బిగించి, గంటల తరబడి కాల్చేవారు. అలా చేసిన ఫౌలాద్‌లో కార్బన్ సుమారు 1.5 శాతం. మూడు ఇనుప పరమాణువులకు ఒక కార్బన్ పరమాణువు చొప్పున కలిస్తే సిమెంటైట్. అది చాలా గట్టిది, కానీ పెళుసు. మెత్తని ఇనుము మధ్య అది వరసలు తీరితేనే ఆ అలలు.

తల్వార్‌కు దమిష్క్ పేరు మిగిలింది. కమ్మరి పేరు మిగల్లేదు. మీ పిల్లలకు దమిష్క్ గురించి చెప్పేటప్పుడు కోనసముద్రం పేరూ చెప్పండి. అది కమ్మరి హక్.