పక్కన కూర్చునే మనిషి

"నొప్పి వస్తే ఆగు. పోయినంక నడువు. తొందరేం లేదు."

ఆస్పత్రి వరండాలో మీరు గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. నడుములో మొదలైన నొప్పి పొత్తికడుపులోకి చుట్టుకొచ్చి, బిగిసి, ఊపిరి ఆడనివ్వకుండా ఉండి, మెల్లగా వదులుతుంది. అంతసేపూ ఓ అరచెయ్యి మీ నడుము కింద గట్టిగా అదిమే ఉంది. అది ఎంత పని చేసిందో తీసేశాక తెలుస్తుంది.

ఇది తెలంగాణలో ఓ జిల్లా మాతాశిశు ఆస్పత్రి. ఆ చెయ్యి మిడ్‌వైఫ్‌ది. మీ అమ్మ 'నర్సమ్మా' అనే పిలుస్తోంది, ఆమె పలుకుతోంది. నిజానికి ఆమె స్టాఫ్‌నర్సే. ఆ చదువు మీద మరో 18 నెలలు కాన్పుల పనే నేర్చుకుంది. రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి 2017లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది.

మీరు ఆమెకు కొత్త కాదు. ఏడో నెలలో మొదటిసారి ఆమె ముందు పడుకున్నప్పుడు చేతులు రెండూ రుద్దుకుని వెచ్చబెట్టుకుని మరీ పొట్ట మీద ఆనించింది. "ఇదిగో, ఇది వీపు. ఇవి కాళ్లు, అందుకే కుడి పక్క తంతున్నడు." టేపు పెట్టి కొలిచింది. ముప్పయ్యో వారానికి ముప్పయ్యికి అటూ ఇటూ సెంటీమీటర్లు ఉండాలి, ఉంది. బీపీ చూసింది. రక్తం పదికి తక్కువ ఉందని ఐరన్ గోలీలు ఇచ్చి, చాయ్‌తో మింగొద్దంది. ఇవన్నీ ఎవరైనా చేసేవే. ఎవరూ అడగనిది ఆ తర్వాత అడిగింది: "నీకు దేనికి భయం?" మీరు చాలాసేపు ఆలోచించి, "కోస్తరని," అన్నారు. ఆమె ఆ మాట కార్డు మీద రాసుకుంది.

కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, బీపీ ఎక్కువున్నా, ముందు కాన్పు ఆపరేషనైనా మిమ్మల్ని డాక్టరమ్మకే అప్పజెప్పేది. అన్నీ సవ్యంగా ఉన్న కాన్పు మాత్రమే ఆమె చేతికి వస్తుంది. ఎక్కువ కాన్పులు అలాంటివేనన్న సంగతి మనం మరిచిపోయాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి సుమారు 61 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో ఎనభై దాటాయి. బిడ్డ కంటే ముందు ముహూర్తం నిర్ణయమయ్యే ఇళ్లు మీ వాడలోనూ ఉన్నాయి. మీ అత్తగారు కూడా పొద్దున ఫోన్ చేసి ఏకాదశి ఎప్పటిదాకా ఉందో చెప్పారు.

మళ్లీ నొప్పి. ఈసారి పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని, మంచం మీదికి తల వాల్చారు. అమ్మ వీపు రాస్తోంది. ఆమెను బయటికి పొమ్మనలేదు. తోడుగా ఒక మనిషి ఉండొచ్చని ముందే చెప్పారు. ఇడ్లీ తిన్నారు, చాయ్ తాగారు. అమ్మకు ఇది మింగుడు పడడం లేదు. ఆమె కాన్పులో తిండి లేదు, నీళ్లు లేవు, వరస మంచాల మీద అందరూ వెల్లకిలా. అరిచినవాళ్లకు ఒక మాట పడేది. ఆ మాట ఇక్కడ రాయను. కాన్పుకు పోయిన ఆడవాళ్లకు తెలుసు.

అరగంటకోసారి మిడ్‌వైఫ్ చిన్న డాప్లర్ మిషన్ పొట్ట మీద పెడుతుంది. టకటకమని బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపిస్తుంది. నిమిషానికి 140. రాసుకుంటుంది. నాలుగు గంటలకోసారి, "లోపల చూడమంటవా?" అని అడిగి, మీరు సరేనన్నాకే చూస్తుంది. మధ్యాహ్నానికి గర్భసంచి నోరు తెరుచుకున్నది నాలుగు సెంటీమీటర్లు. ఐదు దాటితేనే కాన్పు ఊపందుకున్నట్టు. సాయంత్రానికి ఏడు.

"ఇంకా ఎంతసేపు? సూది వేసి తొందర చెయ్యరా?" అమ్మ ఉండబట్టలేక అడిగింది.

"మంచిగనే దిగుతున్నడు పెద్దమ్మా. సూది ఎందుకు?"

చీకటి పడ్డాక ఉమ్మనీరు పోయింది. మిడ్‌వైఫ్ ముందుగా గుడ్డ రంగు చూసింది. నీళ్లలా తేటగా ఉంది, పచ్చగా లేదు. వెంటనే డాప్లర్. టక... టక... చప్పుడు నెమ్మదించింది. 100. ఆమె ముఖంలో మార్పేమీ లేదు, చేతుల్లో మాత్రం వేగం పెరిగింది. మిమ్మల్ని ఎడమ పక్కకు తిప్పింది. నొప్పి వచ్చి పోయేదాకా మిషన్ తియ్యలేదు. మరో చేత్తో ఫోన్. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చేసరికి 132. ఇద్దరూ కలిసి రెండు నొప్పుల పాటు విన్నారు. 138. డాక్టరమ్మ మీ భుజం తట్టి, వెళ్లకుండా తలుపు దగ్గర కుర్చీ లాక్కుంది. మిడ్‌వైఫ్ పనితనం కాన్పు చేయడంలో కంటే, పైనున్న మనిషిని ఏ నిమిషంలో పిలవాలో తెలియడంలో ఉందని నాకనిపిస్తుంది.

ఇక ఆపుకోలేనంతగా ముక్కాలనిపిస్తోంది. "అట్లనిపిస్తేనే ముక్కు. నేను చెప్పిన్నని కాదు." మీరు మోకాళ్ల మీద, చేతుల మీద ఒంగి ఉన్నారు. పొట్ట మీదెక్కి నొక్కేవాళ్లు లేరు. ఇప్పుడు ఐదు నిమిషాలకోసారి గుండె చప్పుడు వింటోంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను కింద అదిమి పట్టుకుంది. కత్తెర ట్రేలోనే ఉంది. మంట, సాగిపోతున్నట్టు, చీలిపోతున్నట్టు. "ఇప్పుడు ముక్కకు. ఊదు, ఊదు." తల వచ్చింది. మరో నొప్పికి భుజాలు, ఆ వెంటే జారిపోతూ అంతా.

ఆడపిల్ల. ఇన్నాళ్లూ 'తంతున్నడు' అన్నందుకు మిడ్‌వైఫ్ నాలుక కరుచుకుంది.

తుడిచి, తడితడిగానే మీ రొమ్ము మీద వేసి, పైన గుడ్డ కప్పింది. నిమిషం లోపే మీ తొడకు సూది పడింది. రక్తం ఎక్కువ పోకుండా ఆక్సిటోసిన్, 10 యూనిట్లు. బొడ్డుతాడు అప్పుడే కొయ్యలేదు, దానిలో కొట్టుకోవడం ఆగేదాకా చూసింది. మాయ వచ్చాక ట్రేలో పరిచి, ముక్కేమైనా లోపల ఉండిపోయిందేమోనని వేలితో అంచులన్నీ తడిమింది. కొంచెం చీరుకుంది, మత్తు సూది ఇచ్చి రెండు కుట్లు. మీరు భయపడ్డ కోత మాత్రం లేదు.

పాప పాకుతూ పాకుతూ రొమ్ము అందుకుంది. అమ్మ తేనె సీసా మూత తియ్యబోయింది. మిడ్‌వైఫ్ మాట్లాడకుండా దాన్ని తీసి కిటికీలో పెట్టింది. ముర్రుపాలు తప్ప చుక్క కూడా వద్దంది. పావుగంటకోసారి పొట్ట అదిమి గర్భసంచి గట్టిగా ఉందా అని చూస్తోంది, గుడ్డ తీసి రక్తం చూస్తోంది, బీపీ చూస్తోంది. అలసిపోయిన మీకు చిరాకు కూడా వస్తోంది. కాన్పయ్యాక మొదటి గంటల్లోనే ప్రాణం మీదికి వచ్చేది, అందుకే ఆమె కదలదు. కనీసం 48 గంటలు ఇక్కడే ఉండాలి. ఇంటికి పోయాక ఆశమ్మ వస్తుంది. జ్వరం వచ్చినా, తల పగిలేలా నొప్పి వచ్చినా, గుడ్డలు గంటలోనే తడిసిపోయినా ఆమె కోసం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

మీరు నీళ్లడిగారు. మిడ్‌వైఫ్ గ్లాసు నిండా పోసింది.

"బాలింతకు అన్ని నీళ్లా? పొట్ట పెరగదా?" అమ్మ గొంతు పెంచింది.

"దూప అయితే నువ్వేం చేస్తవ్ పెద్దమ్మా?"

"తాగుత."

"ఆమె గూడ తాగుతది."