పిడికెడు బియ్యము – క్రిస్మసు కాలమున పిల్లలకు నేర్పవలసిన పాఠము



మన డోర్నకల్ అధ్యక్ష మండల చరిత్రను, దాని మొదటి బిషప్పుగారి జీవితమును తేదీల వారీగా చూచిన యెడల ఒక విశేషము కనబడును. ముఖ్యమైన దినములు పెక్కు క్రిస్మసు కాలముననే వచ్చినవి. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించబడినది. స్థాపకులలో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఒకరు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయన బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. జ్ఞానులు శిశువునకు కానుకలు తెచ్చినందుకు జ్ఞాపకముగా ఆచరించు ఎపిఫనీ పండుగ నాడు, అనగా 1939 జనవరి 6న, డోర్నకల్ కథీడ్రలు ప్రతిష్ఠింపబడి ఆ పండుగ పేరే పొందినది. 1945 జనవరి 1న అజరయ్యగారు ప్రభువునందు నిద్రించిరి.

ఇట్టి చరిత్ర గల మనకు క్రిస్మసు ఇచ్చుకాలము కావలెను. మన పిల్లలకు మాత్రము అది పుచ్చుకొను కాలముగా మారుచున్నది. కొత్త బట్టలు, కేకు, క్రిస్మసు తాత సంచిలోని చాక్లెట్లు – ఇవి వచ్చిన పండుగ బాగున్నట్లు, రాకున్న పండుగయే లేనట్లు వారు తలంచుచున్నారు. తప్పు పిల్లలది కాదు. మనము నేర్పినదే వారు నేర్చిరి. కనుక మన పెద్దలు ఏమి నేర్చిరో ఒకసారి జ్ఞాపకము చేసికొందము.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. పరదేశపు ధనముపై ఆధారపడక స్వదేశపు మనుష్యులతో, స్వదేశపు కానుకలతో సువార్తసేవ జరుగవలెనని వారి ఉద్దేశము. వారు ఎన్నుకొన్న పొలము నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. మన తాతలకు సువార్త తెచ్చినది తమిళ సోదరుల కానుక అని మరువరాదు. 1909లో అజరయ్యగారు తామే ఇక్కడికి వచ్చిరి.

ఇక్కడ సువార్తను అంగీకరించినవారిలో అధికులు మాల మాదిగ పల్లెలవారు. దొరల భూములలో కూలి చేయుట, జీతములేని వెట్టి చేయుట, కళ్ళము దగ్గర చేయి చాచి నాలుగు గింజలు పుచ్చుకొనుట – ఇదియే వారి బ్రతుకు. చేయి చాపుటకే పుట్టినవారని లోకము వారినిగూర్చి తలంచెను. అట్టివారితో అజరయ్యగారు, "మీరు బీదలు, మీ కానుక అక్కరలేదు" అనలేదు. బీదవాడు కూడ దేవునికి, పొరుగువానికి ఇయ్యగలడని బోధించిరి. ఈ విషయమై ఆయన 'క్రిస్టియన్ గివింగ్' అను పుస్తకము ఆంగ్లమున వ్రాసిరి. వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల తల్లులు పిడికెడు తీసి వేరుగా ఉంచిరి. కోతకాలపు పండుగలో ధాన్యము, కోళ్ళు, గ్రుడ్లు, గుమ్మడికాయలు దేవుని సన్నిధికి తెచ్చిరి. ఆ పిడికిలి చిన్నదే. అయితే చాచిన చేయి ఇచ్చు చేయి ఆయెను. ధనము వచ్చుటకంటె ఇది గొప్ప మార్పు. ఇచ్చువాడు తలయెత్తి నిలువగలడు.

ఈ చరిత్రను మేము వేదాంత కళాశాలలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి. కాని నేర్చుకొన్నది తరువాతనే. సిగ్గుతోనే చెప్పుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవచేసిన ఒక పల్లె సంఘమునకు ఒక దాత బట్టలు పంపిరి. క్రిస్మసు ఆరాధన తరువాత మేము మైకు పట్టుకొని, "బీద పిల్లలు ముందుకు రావలెను" అని పేరుపేరున పిలిచితిమి. ఒక బాలుడు రాలేదు. దేవాలయము వెనుక వేపచెట్టు క్రింద కూర్చుండెను. వాని తల్లి వచ్చి నెమ్మదిగా ఇట్లనెను: "అయ్యగారూ, గరీబోడని మైకుల పిలిస్తిరి, పోరనికి సిగ్గైంది. వాడు గూడ యేసయ్యకు ఇద్దామని కోడిగుడ్డు దెచ్చుకున్నడు."

ఆ గ్రుడ్డు వాని జేబులోనే యుండెను. ఇచ్చుటకు వచ్చినవానిని మేము పుచ్చుకొనువారి వరుసలో నిలువబెట్టితిమి. ఐదు యవల రొట్టెలు తెచ్చిన చిన్నవానిని ప్రభువు గద్దింపలేదు. వాని చేతిలోనిది అడిగి పుచ్చుకొని వేలమందిని పోషించెను. మేమైతే ఆ బాలుని చేతిలో ఏమున్నదో అడుగనే లేదు.

క్రిస్మసు తాత అని మన పిల్లలు పిలుచుచున్న మనుష్యుని మూలము కూడ ఇదే చెప్పుచున్నది. పౌలు రోమాకు పోవుచు ఓడ మారిన మూర పట్టణమునకు 4వ శతాబ్దమున నికొలాసు అను బిషప్పు ఉండెను. ఆ స్థలము ఇప్పుడు తుర్కీ దేశములో నున్నది. కట్నము లేక పెండ్లికాని ముగ్గురు ఆడపిల్లల ఇంట ఆయన రాత్రివేళ కిటికీలోనుండి బంగారు నాణెముల మూటలు వేసెనని పూర్వపు కథ. పగలు పిలిచి ఇయ్యక రాత్రి వేయుట ఏల? పుచ్చుకొనువారికి అవమానము కాకూడదని. దయకు ఇది ప్రాణము. ఇచ్చుట మాత్రమే నేర్పి, ఎదుటివాని మనస్సు ఎరుగుట నేర్పనియెడల, మన పిల్లలు ధర్మదాతలు కాగలరేమో గాని దయగలవారు కాలేరు.

ఇప్పుడు మేము నెల్లికుదురు ప్రాంతపు పల్లెలలో ఈ పద్ధతి చెప్పుచున్నాము. డిసెంబరు నాటికి వానాకాలపు వరి కోతలై ఇంట గింజలుండును. ఆగమనకాలపు మొదటి ఆదివారమున ప్రతి బిడ్డకు ఒక చిన్న డబ్బా ఇయ్యుడి. తల్లి వంట చేయునప్పుడు బిడ్డ తన పిడికిలితోనే బియ్యము తీసి అందులో వేయవలెను, తల్లి వేయరాదు. బియ్యము లేని ఇంటి బిడ్డ ఒక కట్టె తేవచ్చును, ముసలమ్మకు బిందెడు నీళ్ళు తేవచ్చును. ఏమియు తేలేని బిడ్డ లేడు. క్రిస్మసు ముందటి సాయంకాలము పిల్లలే ఆ బియ్యమును ఒంటరి వృద్ధుల ఇండ్లకు తీసికొనిపోవలెను. ఆ ఇల్లు ఏ కులము, ఏ మతము అని అడుగరాదు. ఫోటో తీయరాదు, మైకులో చెప్పరాదు. వెళ్ళినవారు కాసేపు కూర్చుండి ఆ ముసలివారి మాట వినవలెను. మేము చూచినంతలో, పిల్లలు తిరిగి వచ్చి చెప్పునది బియ్యమునుగూర్చి కాదు, ఆ అవ్వ చెప్పిన ముచ్చటనుగూర్చియే.

తల్లిదండ్రులారా, ఈ క్రిస్మసుకు మీ బిడ్డకు కొత్త చొక్కా కొనుడి, సంతోషమే. దానితోపాటు, "నీవు ఎవరికి ఏమి ఇయ్యదలచితివి?" అని కూడ అడుగుడి. జవాబు వచ్చువరకు ఓపికపట్టుడి. వాని జేబులో ఇప్పటికే ఒక కోడిగ్రుడ్డు ఉండవచ్చును.

నూరేండ్ల క్రిందట మన పెద్దల చాచిన చేతిని ఇచ్చు చేతిగా మార్చిన దేవుడు, మన పిల్లల చేతులను కూడ అట్లే మార్చును గాక. ఆమేన్.