తాళంచెవి ఎవరి దగ్గర?

బర్నబీలో పిల్లలున్న తెలుగువాళ్ళకి కాన్ఫెడరేషన్ పార్కు రైలు తెలిసే ఉంటుంది. గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునే బుల్లి రైలు. పట్టాల మధ్య వెడల్పు ఏడుంపావు అంగుళాలు. ఇంజన్లలో కొన్ని నిజంగానే ఆవిరితో నడుస్తాయి. టికెట్ తీసుకునే పెద్దాయన, ఇంజన్ నడిపే ఆవిడ, పట్టాలు సరిచేసేవాళ్ళు అందరూ జీతం లేని వాలంటీర్లే. దీన్ని నడిపేది బ్రిటిష్ కొలంబియా సొసైటీ ఆఫ్ మోడల్ ఇంజినీర్స్. పుట్టింది 1929లో. అంటే మేకర్‌స్పేస్ అన్న మాట పుట్టకముందే ఈ చుట్టుపక్కల మేకర్లున్నారన్నమాట.

ఈ మధ్య నేను వాంకూవర్‌లోని ఒక మేకర్‌స్పేస్‌లో చేరాను. తెలియనివాళ్ళ కోసం: పెద్ద షెడ్డు లాంటి చోటు. లేత్ మెషిన్, రంపాలు, త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్, కుట్టుమిషన్లు, సోల్డరింగ్ బల్లలు. నెలకింత అని చందా కడితే ఏదైనా వాడుకోవచ్చు. ఈ మాట చెబితే మనవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "జిమ్ము మెంబర్‌షిప్ లాంటిదా?" అని. కాదు అనడం తేలికే. ఎందుకు కాదో చెప్పాలంటే రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1800లో గ్లాస్గోలో జార్జ్ బిర్క్‌బెక్ అనే యువ ప్రొఫెసర్ తన ప్రయోగాలకి పరికరాలు చేయించుకుంటూ, చేసిపెడుతున్న పనివాళ్ళకి వాటి వెనకున్న శాస్త్రం తెలుసుకోవాలన్న ఆత్రం ఉందని గమనించాడు. శనివారం సాయంత్రాలు వాళ్ళకి ఉచితంగా పాఠాలు మొదలుపెట్టాడు. ఆయన లండన్ వెళ్ళిపోయాక కూడా ఆ తరగతి నడిచింది. కానీ 1823లో ఆ పనివాళ్ళే, అజమాయిషీ ఎవరిదన్న తగువు వచ్చి, అక్కణ్ణుంచి విడిపోయి సొంతంగా మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టుకున్నారు. అదే ఏడాది లండన్‌లో ఇంకోటి మొదలైంది. అక్కడ మొదటి రోజు నుంచే గొడవ. థామస్ హాడ్జ్‌స్కిన్, జె.సి. రాబర్ట్‌సన్ అనే ఇద్దరు, పెద్దమనుషుల డబ్బు తీసుకుంటే పెత్తనం వాళ్ళదే అవుతుంది, మన చందాలతోనే నడుపుకుందాం అన్నారు. ఫ్రాన్సిస్ ప్లేస్ లాంటివాళ్ళు అది అయ్యే పని కాదన్నారు. చివరికి విరాళాలూ తీసుకున్నారు, కార్యవర్గంలో మూడింట రెండొంతులు పనివాళ్ళే ఉండాలని నియమమూ పెట్టుకున్నారు. ఇలాంటి రాజీ సూత్రాలు కాగితం మీదే బాగుంటాయి. ఆ సంస్థ ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలో భాగమైన బిర్క్‌బెక్ కాలేజీ.

ఆ గాలి ఇక్కడిదాకా వీచింది. 1869లో వాంకూవర్ అన్న ఊరే ఇంకా లేదు. బరార్డ్ ఇన్‌లెట్ ఒడ్డున కలపమిల్లు దగ్గర పనివాళ్ళ కోసం ఒక మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఇప్పటి వాంకూవర్ పబ్లిక్ లైబ్రరీ తన చరిత్రని అక్కణ్ణుంచే చెప్పుకుంటుంది.

ఈ తరం మేకర్‌స్పేస్‌ల వంశవృక్షం మాత్రం బెర్లిన్ నుంచి వచ్చింది. కేయాస్ కంప్యూటర్ క్లబ్ 1981లో, సీ-బేస్ 1995లో అక్కడే పుట్టాయి. 2007 వేసవిలో జర్మనీలో జరిగిన హ్యాకర్ల శిబిరానికి వెళ్ళిన అమెరికన్లు, ఇంటికొచ్చి న్యూయార్క్, వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో అలాంటివి పెట్టారు. ఆ డిసెంబరులో యెన్స్ ఓలిగ్, లార్స్ వైలర్ అనే ఇద్దరు జర్మన్లు, ఇలాంటి చోటు కట్టడం ఎలాగో ఒక ప్రసంగంలో సూత్రాలుగా చెప్పారు. అందులో మెషిన్ల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ. ఇంటి ఓనరుతో ఎలా మెలగాలి, చందా ఎలా వసూలు చేయాలి, స్పాన్సర్లకి ఎందుకు దూరంగా ఉండాలి, ఇలాంటివి. వారానికోసారి కలవాలి, ఏ రోజు పెట్టినా ఎవరికో ఒకరికి కుదరదు, కాబట్టి వాదించకుండా మంగళవారం పెట్టెయ్యండి అన్నారు. వాంకూవర్ హాక్ స్పేస్ కూడా ఆ మంగళవారాన్నే పట్టుకుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టొద్దనే ఇళ్ళలో పెరిగిన మనకి కాస్త నవ్వొస్తుంది.

అటువైపు 2006లో కాలిఫోర్నియాలో టెక్‌షాప్ అని కంపెనీ పద్ధతిలో ఒకటి మొదలైంది. ఖరీదైన మెషిన్లు, జీతాల సిబ్బంది, నెలవారీ ఫీజు. అచ్చం జిమ్మే. పది ఊళ్ళకి విస్తరించింది. 2017 నవంబరు 15న దివాలా అని ప్రకటించి ఒక్క రోజులో అన్ని తలుపులూ మూసేసింది. ముందే డబ్బు కట్టినవాళ్ళున్నారు. సగం చేసిన బల్లలు, సొంత పనిముట్లు లోపలే చిక్కుకుపోయినవాళ్ళున్నారు. వాలంటీర్ల చోట్లు కూడా మూతపడతాయి, అద్దెలు పెరిగి ఊరు చివరికి పోతాయి. కానీ మూసేద్దామా, చందా పెంచుదామా, ఇల్లు మారదామా అన్నది సభ్యులే కూర్చుని, పోట్లాడుకుని తేల్చుకుంటారు. తెల్లారి తలుపు మీద కాగితం చూసి తెలుసుకోరు.

ఇదంతా మనకి కొత్తేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం కోసం చేరినవాళ్ళు, ఊరూరా చందాలు పోగుచేసిన అయ్యంకి వెంకటరమణయ్య, 1935లో కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం, వీళ్ళెవరూ జీతానికి చేయలేదు. పుస్తకాల బదులు లేత్ మెషిన్ పెట్టండి, అదే సంస్థ. 1948 మద్రాసు చట్టంతో గ్రంథాలయ పన్ను, ప్రభుత్వ నిర్వహణ వచ్చాయి. అది ఉద్యమం కోరుకున్నదే, దానివల్ల మేలూ జరిగింది. కాకపోతే అప్పటిదాకా "మన గ్రంథాలయం" అన్న నోళ్ళు మెల్లగా "గవర్నమెంటు లైబ్రరీ" అనడం నేర్చుకున్నాయి. హైదరాబాదులో 2023లో తెరిచిన టీ-వర్క్స్ గురించీ నాకిదే గుబులు. 78,000 చదరపు అడుగులు, మా షెడ్డు కలలో కూడా చూడలేని మెషిన్లు. అన్నీ ఉన్నాయి, అక్కడ చేయెత్తి ఓటేసే సభ్యుడే లేడు. ప్రభుత్వం కట్టింది కాబట్టి ప్రభుత్వాల మనసుని బట్టే దాని జాతకం.

సభ్యత్వమంటే ఏమిటని మళ్ళీ అడిగితే మనవాళ్ళకి ఇప్పుడు ఇలా చెబుతున్నాను: డబ్బు కట్టీ పని చేయాలి. "జీతమివ్వకపోగా ఎదురు డబ్బు తీసుకుని ఊడిపిస్తారా?" అని మా ఫ్రెండొకడు పగలబడి నవ్వాడు. అవును, ఊడిపిస్తారు. లేజర్ కట్టర్ ముట్టుకోవాలంటే సభ్యుల్లోనే ఎవరో శిక్షణ ఇచ్చి సరే అనాలి, నా వంతు ఇంకా రాలేదు. చెత్తబుట్టల వంతు మాత్రం మొదటి వారమే వచ్చింది.