నక్కవాగు కేసు: ఇరవై ఏడేండ్లు

కొల్లూరు దిక్కు మన సంఘం మీటింగుల్లో నీళ్ల ముచ్చట రాకుండ పోదు. ఇది పాత గోసే. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చినయి. వాటి మురుగు నక్కవాగుల కలిసి మంజీరకు పోయింది. బావులు, పొలాలు పాడైనయి.

పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు తన దగ్గరికొచ్చే రోగులను చూసి ఊరుకోలేదు, జనాన్ని కూడగట్టారు. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో సుప్రీంకోర్టుకు పోయింది. 2001లో కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో ముగిసింది. కేసు వేసిననాడు పుట్టిన బిడ్డ అప్పటికి పిల్లల తల్లి అయి ఉంటది!

మధ్యలో శుద్ధి ప్లాంటు వచ్చింది. ఆ నీళ్లను 18 కిలోమీటర్ల పైపుతో హైదరాబాద్ మురుగు లైనులో కలిపి అంబర్‌పేటకు పంపారు. అంటే మూసీకి. మూసీ కింద కూడా మనలాంటి అక్కచెల్లెండ్లే వరి నాటుతున్నరు.