హద్దులు దాటిన వెలుగు: జాతీయ విద్యుత్ గ్రిడ్ చరిత్ర

మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, తరగతి గదిలో స్విచ్చి నొక్కగానే వెలిగే దీపం వెనుక ఉన్న చరిత్రను స్మరించుకోవడం సముచితం. డెబ్బై అయిదేండ్ల క్రితం ఈ ప్రాంతపు పల్లెల్లో పిల్లలు చాలామంది కిరోసిన్ దీపాల వెలుగులోనే చదువుకొన్నారు. 1947లో దేశమంతటికీ ఉన్న విద్యుదుత్పాదన సామర్థ్యం 1,362 మెగావాట్లు మాత్రమే. 2025 నాటికి అది నాలుగున్నర లక్షల మెగావాట్లను మించింది. అయితే ఉత్పత్తి పెరిగినంత మాత్రాన సరఫరాకు భద్రత కలుగదు. ఎక్కడ పుట్టిన విద్యుత్తయినా అవసరమైన చోటికి చేరగలగాలి. ఆ ఏర్పాటే గ్రిడ్.

నాటి మద్రాసు రాష్ట్రంలో 1932లో నీలగిరుల్లోని పైకారా, 1937లో మేట్టూరు, 1944లో పాపనాశం జలవిద్యుత్ కేంద్రాలు పనిచేయనారంభించాయి. వీటిని తీగలతో అనుసంధానించడం వల్ల ఒక నదిలో నీరు తగ్గినపుడు మరొకటి ఆదుకొనే వీలు కలిగింది. కాని అన్నీ నీటిపై ఆధారపడినవే గనుక వానలు మొగం చాటేసిన ఏట కోతలు తప్పేవి కావు. 1962లో నైవేలి, 1970లో ఎన్నూరు తాపవిద్యుత్ కేంద్రాలు తోడయ్యాక ఆ లోటు కొంత తీరింది.

ఈ మధ్యకాలంలోనే మన ప్రాంతపు హద్దులు మారాయి. పటాస్కర్ సిఫార్సుల ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భూమిపై గీతలు ఇలా గీస్తుండగా, విద్యుత్ రంగం ఆ గీతలను దాటే మార్గం వెదుకసాగింది. 1964లో దేశాన్ని అయిదు ప్రాంతాలుగా పరిగణించి ప్రాంతీయ విద్యుత్ మండళ్లను నెలకొల్పారు. 1983లో రామగుండం కేంద్రం ఉత్పత్తి ప్రారంభించింది. నాగార్జునసాగరం, కడపల మీదుగా మద్రాసుకు 400 కిలోవోల్టుల మార్గం ఏర్పడింది. సింగరేణి బొగ్గు తమిళనాట దీపాలు వెలిగించింది. 1989లో జాతీయ ప్రసార సంస్థ ఏర్పడింది. అదే తరువాత పవర్ గ్రిడ్ కార్పొరేషన్ అయింది.

గ్రిడ్ పనితీరును ఉత్సవమూర్తి పల్లకితో పోల్చవచ్చు. మోసేవారందరూ ఒకే అడుగు వేయాలి. మన దేశంలో ఆ అడుగు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక కేంద్రం హఠాత్తుగా ఆగిపోతే తక్కినవి ఆ బరువును పంచుకొంటాయి. అవీ మోయలేని స్థితిలో ఉంటే ఒకదాని వెంట ఒకటి తప్పుకొంటాయి, పల్లకి నేలకొరుగుతుంది. కనుక కలిసి ఉండటంలో బలమూ ఉంది, ప్రమాదమూ ఉంది.

ఈ రెండింటినీ 2012 సంవత్సరం కళ్లకు కట్టింది. ఆ ఏడాది జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. రెండవనాడు తూర్పు, ఈశాన్య ప్రాంతాలూ చీకటిలో మునిగాయి. అరవై కోట్ల మందికి పైగా ఇబ్బందుల పాలయ్యారు. దక్షిణాది మాత్రం క్షేమంగా నిలిచింది. కారణం, అప్పటికి దక్షిణ గ్రిడ్‌కు ఇతర ప్రాంతాలతో ఉన్నవి ప్రధానంగా భద్రావతి, గాజువాక, తాల్చేరు–కోలారుల వద్ద ఏకముఖ విద్యుత్తు ద్వారా సాగే లంకెలే. రెండు చెరువుల నడుమ తూము వంటివి అవి. కావలసినంతే వదులుతాయి, అవతలి అలజడిని ఇవతలికి రానీయవు. కాని ఆ తూము ఇరుకు. అదే సంవత్సరం తమిళనాడు గంటల తరబడి విద్యుత్ కోతలతో అల్లాడింది. ఉత్తరాన మిగులు ఉన్న వేళల్లోనూ తగినంత తెచ్చుకొనే దారి లేకపోయింది. ఒంటరితనం ప్రమాదం నుండి కాపాడింది గాని, లోటు తీర్చలేదు.

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల మార్గం ద్వారా దక్షిణ గ్రిడ్ దేశంలోని తక్కిన గ్రిడ్‌తో ఏకమైంది. తరువాత కర్నూలు నుండి వేలూరు సమీపంలోని తిరువలం వరకు అదే స్థాయి మార్గం వచ్చింది. నేడు ప్రవాహం ఒకవైపే సాగదు. ఆడి మాసపు గాలులు వీచేవేళ తమిళనాడు పవన విద్యుత్తు ఇతర రాష్ట్రాలకూ వెళుతుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది నిమిషాలపాటు దేశమంతటా ఇండ్లలో దీపాలార్పినపుడు వాడకం సుమారు 31,000 మెగావాట్లు తగ్గింది. ముందుగా సిద్ధమైన జలవిద్యుత్ కేంద్రాలు ఉత్పత్తిని వేగంగా తగ్గించి, మళ్లీ పెంచి, గ్రిడ్‌ను నిలబెట్టాయి.

అయినా జాతీయ గ్రిడ్ సర్వరోగ నివారిణి కాదు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను తాకినపుడు దేశంలో విద్యుత్తు ఉండీ, తిరువళ్లూరు జిల్లాలో స్తంభాలు కూలి అనేక గ్రామాలు చీకట్లో గడిపాయి. ఊరి స్తంభం, వీధి ట్రాన్స్‌ఫార్మరు గట్టిగా లేకపోతే పెద్ద తీగల భద్రత మన గడపకు చేరదు.

ప్రతి రాష్ట్రానికీ తన విద్యుత్ నియంత్రణ కేంద్రం ఉంది; లయ మాత్రం అందరిదీ ఒకటే. తమిళ నేలపై తెలుగు చదువులు నిలుపుకొంటూ వచ్చిన మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. మన విద్యార్థులలో కొందరైనా రేపు విద్యుత్ ఇంజనీర్లై ఆ లయను కాపాడాలని ఆకాంక్షిద్దాం.