కొత్త పిస్టల్ బోర్లు వేటకా, ఆత్మరక్షణకా? లైసెన్సు ఉన్న కుటుంబాలు తెలుసుకోవలసినవి

మన కుటుంబాల్లో తాతలనాటి తుపాకీ లైసెన్సు నేటికీ నడుస్తున్నవి కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్లలో ఇప్పుడు ఒక మాట వినిపిస్తోంది: "పాత పన్నెండు బోరు ఇచ్చేసి కొత్త బోరు పిస్టల్ తీసుకుందాం. చేలో పందులకూ పనికొస్తుంది, ఇంటి కాపలాకూ పనికొస్తుంది." ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు అవసరాలు, రెండు వేర్వేరు దేశాల చట్టాలు కలిసిపోయాయి. తొందరపడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, రెండు మూడు తరాలుగా కాపాడుకొస్తున్న లైసెన్సు కూడా. అందుకే విషయాన్ని విడివిడిగా చూద్దాం.

అంకె ఒక పేరు మాత్రమే

బోరు అంకె చూసి బలం చెప్పలేం. .38 స్పెషల్ గుండు అసలు వెడల్పు .357 అంగుళం. .44 మాగ్నమ్ గుండు .429 అంగుళం. బలాన్ని నిర్ణయించేది గుండు బరువు, దాని వేగం. ఈ రెండింటి నుంచి వచ్చే శక్తిని జౌళ్లలో కొలుస్తారు.

మన దేశంలో లైసెన్సుపై ఎక్కువగా కనిపించే .32 రివాల్వర్ తూటా 1896 నాటిది. గుండు సుమారు ఆరు గ్రాములు, శక్తి సుమారు 150 జౌళ్లు. 9 ఎం.ఎం. తూటాకు సుమారు 470, 10 ఎం.ఎం.కు 700 నుంచి 850, .44 మాగ్నమ్‌కు 1,200 ప్రాంతం. మన పాత పన్నెండు బోరులో ఒకే గుండు ఉన్న ఔన్సు తూటా 3,000 జౌళ్లు దాటుతుంది. పాతది అంటే బలహీనమైనది అనుకోకూడదని ఈ వరుసే చెబుతుంది.

ఆత్మరక్షణ బోరును ఎలా తూచారు

ఈ లెక్కలు ఎక్కువగా అమెరికా పోలీసు అనుభవం నుంచి వచ్చాయి. 1986 ఏప్రిల్ 11న మయామీలో దోపిడీ దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు చనిపోయారు. ఒక దొంగకు తగిలిన 9 ఎం.ఎం. గుండు చేతిలోంచి ఛాతీలోకి దూరి, గుండెను చేరకముందే ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. దాంతో ఎఫ్.బి.ఐ. ఒక పరీక్ష పెట్టింది. పది శాతం జెలటిన్ దిమ్మెలోకి గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 అంగుళాలకు మించి పోకూడదు. మందపాటి బట్టలు అడ్డుపెట్టి కూడా కాల్చి చూస్తారు. 12 దిగకపోతే పని జరగదు. 18 దాటితే వెనకాల నిలబడ్డవాడికి తగులుతుంది.

ఆ తర్వాత వాళ్లు 10 ఎం.ఎం.కు వెళ్లారు. దాని తన్ను చాలామంది చేతికి ఇమడలేదు. 1990లో .40 బోరు వచ్చింది. గుండ్ల తయారీ మెరుగుపడ్డాక, గత దశాబ్దంలో మళ్లీ 9 ఎం.ఎం.కే తిరిగి వచ్చారు. ముప్పై ఏళ్లు తిరిగి వాళ్లు తేల్చుకున్నది ఇదీ: గుండు చాలినంత లోతు దిగాలి, మనిషి దాన్ని గురిగా, మళ్లీ మళ్లీ కాల్చగలగాలి. బోరు మార్పు కంటే గుండు తయారీ, చేతి సాధన ముఖ్యం.

కొత్త బోరుకు మంచి ఉదాహరణ 2022 జనవరిలో ఫెడరల్ కంపెనీ విడుదల చేసిన .30 సూపర్ క్యారీ. దాని శక్తి దాదాపు 9 ఎం.ఎం.తో సమానం. గుండు సన్నం కాబట్టి అదే పరిమాణపు పిస్టల్‌లో ఒకటి రెండు తూటాలు ఎక్కువ పడతాయి. ఆ శక్తి రావడానికి లోపలి ఒత్తిడి మాత్రం చదరపు అంగుళానికి 50,000 పౌండ్ల దాకా వెళుతుంది. 9 ఎం.ఎం.లో ఇది 35,000. ఒత్తిడి పెరిగితే చప్పుడూ పెరుగుతుంది. పైగా దానికి పిస్టళ్లు చేసిన కంపెనీలు బహు కొద్ది. 2003లో వచ్చిన .45 గ్యాప్ కూడా ఇలాగే మొదలై, కొన్నాళ్లకు మూలపడింది. తూటా దొరకని తుపాకీ ఇనపముక్కతో సమానం.

వేట లెక్క వేరు

వేటలో జంతువును హింసపెట్టకుండా ఒక్క దెబ్బకు పడగొట్టాలి. అందుకే పిస్టల్‌తో వేటాడనిచ్చే అమెరికా రాష్ట్రాలు కొన్ని కనీస శక్తిని నిర్ణయించాయి. ఇల్లినాయ్‌లో జింక వేటకు వాడే నిటారు గొట్టపు తూటాకు గొట్టం మూతి దగ్గర 500 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 680 జౌళ్లు ఉండాలి. .30 సూపర్ క్యారీ, 9 ఎం.ఎం. రెండూ ఆ మెట్టు ఎక్కలేవు. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ సులువుగా ఎక్కుతుంది. కానీ దాని తన్ను, చప్పుడు, గుండు దూసుకుపోయే తీరు ఇంటిలోపలికి పనికిరావు. రెండు పనులకూ ఒకే పిస్టల్ అన్న ఆశ ఇక్కడే బెడిసికొడుతుంది.

మన చట్టంలో ఏ బోరు ఎక్కడ

మన ఆయుధ నిబంధనలు బోర్లను బలం బట్టి కాక, సైన్యం, పోలీసుల తూటాలు పడతాయా లేదా అన్నదాన్ని బట్టి విడదీశాయి. .380, .455 అంచు తూటాలు, సర్వీసు 9 ఎం.ఎం., .45 తూటాలు పట్టే పిస్టళ్లు, రివాల్వర్లు సాధారణ లైసెన్సుకు అందవు. వాటిని అనుమతి లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు. మన దగ్గర .32 ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఇదే.

1980ల నుంచి సాధారణ లైసెన్సుదారుకు దిగుమతి దారి మూసుకుపోయింది. కాబట్టి మనకు "కొత్తది" అంటే కొత్త బోరు కాదు, పాత .32కు కొత్త తుపాకీ. కాన్పూరు ఫ్యాక్టరీ 2014లో తేలికపాటి నిర్భీక్‌ను, 2023లో ప్రబల్‌ను తెచ్చింది. ప్రబల్‌కు 50 మీటర్ల దూరం అని ప్రకటించారు. దూరం పెరిగినంత మాత్రాన తూటా శక్తి పెరగదు. అది అదే .32.

ఒక జాగ్రత్త: .32 పిస్టల్ తూటా, .32 రివాల్వర్ తూటా ఒకటి కావు. పిస్టల్ తూటాను 7.65 ఎం.ఎం. అని కూడా అంటారు. ఒకదానిలో ఒకటి పెట్టడం ప్రమాదం. లైసెన్సు పుస్తకంలో ఏది రాసి ఉందో చూసి అదే కొనాలి. ఒక్కసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అన్నదీ అందులోనే ఉంటుంది.

చేలో పందుల మాట

1972 వన్యప్రాణి చట్టం కింద సరదా వేటకు మన దేశంలో చోటే లేదు. పంటను పాడుచేసే పందిని కూడా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి లిఖిత అనుమతి లేకుండా కాల్చకూడదు. అనుమతితో చంపినా ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, ఎక్కడి పద్ధతి అక్కడిది. కాబట్టి ముందు వెళ్లవలసింది అటవీ శాఖ కార్యాలయానికి, తుపాకుల దుకాణానికి కాదు. అనుమతి వచ్చినా ఆ పనికి .32 చాలదు. దెబ్బతిన్న పంది మనిషి మీదికే వస్తుంది.

ఇంటి రక్షణ

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. రక్షణకు అవసరమైనదాన్ని మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. ఇరుకు వీధుల్లో, పక్కింటి గోడ ఆనుకుని ఉన్నచోట, గురితప్పిన గుండు ఎవరికి తగిలినా జవాబుదారీ మనదే. బోరు ఎంత పెద్దదైతే ఆ భయం అంత పెద్దది.

అమెరికాలో ఉన్న పిల్లలకు

అక్కడ ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడు దాచమన్నా దాచకూడదు. కేసయితే చదువూ ఉద్యోగమూ వీసాతో పాటే పోతాయి. ఫోనులో ఈ మాట ఒక్కసారి పిల్లల చెవిన వేయండి.

నిర్ణయానికి ముందు

మొదట చట్టం: అడిగే బోరు సాధారణ లైసెన్సుకు వస్తుందా? రెండోది పని: దేనికి కావాలి, ఆ పనికి ఆ శక్తి చాలుతుందా, మించుతుందా? మూడోది తూటా: మన జిల్లాలో పదేళ్ల తర్వాతా దొరుకుతుందా? నాలుగోది చేయి: ఇంట్లో దాన్ని ఎవరు సాధన చేస్తారు, పిల్లలకు అందకుండా ఎక్కడ దాస్తారు?

పాతదాన్ని వదులుకునే ముందు ఇంకో సంగతి. 2019 నుంచి ఒకరికి రెండు తుపాకులే పరిమితి. లైసెన్సు గడువు ఐదేళ్లు. గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, ఆయన బతికి ఉండగానే వారసుడి పేర దరఖాస్తు పెట్టుకునే వీలు 2016 నిబంధనల్లో ఉంది. పెద్దాయన సంతకం చేయగలిగిన రోజుల్లోనే, మిగతా వారసుల సమ్మతి పత్రాలు తీసుకుని, ఆ పని ముగించుకోవడం మంచిది.